నొప్పి కీళ్ళలో, కారణం నీళ్ళలో

కీళ్ళనొప్పి అనగానే మన ఇండ్లలో మొదట వినిపించే మాట వాతం. వెంటనే పొయ్యిమీద నువ్వులనూనె కాగుతుంది, వావిలాకు మరుగుతుంది, ఇసుకమూటతో కాపడం మొదలవుతుంది. వీటిలో దేనినీ నేను కాదనను. అరవై ఏండ్లు దాటినవారికి మోకాళ్ళలోని మృదులాస్థి అరిగి నొప్పి పుట్టినప్పుడు తైలము, కాపడము ఉపశమనం ఇవ్వగలవు. కాని ఒకే వాడలో నలభై ఏండ్లయినా నిండనివారు నలుగురైదుగురు మెడ తిప్పలేక, నేలమీద కూర్చొని లేవలేక బాధపడుతుంటే, దానిని కూడా వాతమని తేల్చి తైలంసీసా చేతికివ్వడం వైద్యం కాదని నా నిశ్చితాభిప్రాయం. అక్కడ ముందుగా పరీక్షించవలసినది రోగి నాడిని కాదు, ఆ వాడవారు త్రాగే బోరునీటిని.

మన శరీరంలో ఎముకను ఎముకతో కట్టి ఉంచే బంధనాలను డాక్టర్లు లిగమెంట్లంటారు. కండరాన్ని ఎముకకు అతికించేవి టెండాన్లు. సుశ్రుతుడు శారీరస్థానంలో స్నాయువులు తొమ్మిది వందలని లెక్కచెప్పి, పలకలను త్రాళ్ళతో బిగించి కట్టిన పడవ నీటిమీద బరువును మోసినట్లే స్నాయువులతో కట్టబడిన దేహం భారాన్ని మోస్తుందని పోల్చాడు. ఎముకకు కలిగిన దెబ్బకన్న స్నాయువుకు కలిగిన దెబ్బ ఎక్కువ హానికరమని కూడా ఆయన అభిప్రాయం. త్రాడుకు ఉండవలసిన గుణం వంగడం. ఆ త్రాడే రాయిగా మారితే?

త్రాగేనీటిలో ఫ్లోరైడ్ మితిమీరి, అది ఏండ్ల తరబడి దేహంలో చేరినప్పుడు జరిగేది ఇదే. ఫ్లోరైడ్ ఎముకలో పేరుకొని దానిని మందంగా, పెళుసుగా చేస్తుంది. అంతటితో ఆగక లిగమెంట్లలోను, టెండాన్లు ఎముకకు అతుక్కునే చోట్లలోను సున్నం దిగేట్లు చేస్తుంది. ముంజేతిలోని రెండెముకల నడుమ ఉండే పలుచని పొర ఎక్స్‌రేలో తెల్లగా, ఎముకవలె కనిపించడం దీనికి పెద్ద గుర్తు. వెన్నుపూసలను కలిపే బంధనాలు గట్టిపడి వెన్నంతా ఒకే కర్రవలె బిగుసుకుంటుంది. చివరకు వెన్నుపాము నలిగి కాళ్ళు పడిపోయే ప్రమాదమూ ఉన్నది.

ఈ వ్యాధిని మన దేశంలో మొదట గుర్తించినది తెలుగునేలమీదనే. నాటి నెల్లూరు జిల్లాలో ఎద్దులు కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులు గమనించారు. ఆ తరువాతనే మనుషులలోను అదే బాధ కనిపించినది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు దీనికి మూలం నీటిలోని ఫ్లోరైడని ప్రకటించారు. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా పరిస్థితిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. గట్టిపడిన ఈ బంధనాలు వెన్నుపామును ఎట్లా నొక్కుతాయో హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఏండ్ల తరబడి పరిశోధించారు.

ఇది నల్లగొండవారి గొడవ, మనకెందుకని కరీంనగర్, ఆదిలాబాదు పాఠకులు అనుకోరాదు. విదేశాలకు ఎగుమతి అయ్యే కరీంనగర్ గ్రానైటు మన పొలాల క్రింద ఉన్న రాయే. ఫ్లోరైడ్ ఇటువంటి రాళ్ళనుండే నీటిలోకి దిగుతుంది. అందుకే జిల్లాలోని కొన్ని ప్రాంతాలలో ఈ సమస్య తలెత్తినది. ఆదిలాబాదు నేల తీరు వేరు. ఒకచోట నల్లరాయి, గోదావరి వైపు బొగ్గుపొరల ఇసుకరాయి, మరొకచోట గ్రానైటు. ఒక ఊరి నీటిని చూసి ప్రక్క ఊరి నీటిని మంచిదనడానికి లేదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నదీజలం పల్లెలకు వచ్చినది. సంతోషమే. అయితే నల్లానీరు రుచిగా లేదని బోరునీటినే త్రాగేవారిని నేనెరుగుదును. క్యాన్‌నీరు కొని త్రాగుతూ, అన్నం, పప్పు, చాయ మాత్రం బోరునీటితో వండే ఇల్లాండ్రూ ఉన్నారు. అన్నంలో ఇమిడిన నీరు కడుపులోకి పోదా?

ఇట్లా ఊరంతటినీ పట్టే వ్యాధికి చరకుడు జనపదోద్ధ్వంసమని పేరుపెట్టి, గాలి, నీరు, దేశం, కాలం చెడడం దానికి కారణమన్నాడు. నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడమే చికిత్సలో మొదటి మెట్టని ఆయుర్వేదం చెబుతుంది. శాస్త్రాన్ని గౌరవించే మనం ఆ మెట్టును దాటేసి మర్దనం వద్దకు పరుగెత్తడం నాకు వింతగా తోస్తుంది. బిగుసుకున్న వెన్నును పిల్లలచేత తొక్కించుకోవడం, నడుము విరిపించుకోవడం అసలే తగదు. లోపల వెన్నుపాము అప్పటికే నలుగుతూ ఉండవచ్చును.

ఇంటిలోనే చూసుకోదగిన పరీక్షలు మూడున్నవి. మోకాళ్ళు వంచకుండా కాలివ్రేళ్ళను అందుకోవడం, గడ్డాన్ని రొమ్ముకు ఆనించడం, చేతులు చాచి మడిచి తల వెనుకభాగాన్ని తాకడం. ఇవి కష్టమైనంత మాత్రాన ఫ్లోరైడ్ వ్యాధేనని తేలదు. డాక్టరును, నీటిని రెంటినీ సంప్రదించవలెనని మాత్రం తెలుస్తుంది.

నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ దానిని ఆపలేదు. చిటికెడు పటిక త్రిప్పితే చాలునన్నదీ భ్రమే. పటిక, సున్నం వాడే నల్లగొండ పద్ధతి ఉన్నమాట నిజమే గాని, అందులో మోతాదు నీటి పరీక్షను బట్టి నిర్ణయించవలసినది.

మన వంటింటికీ ఇందులో కొంత పాత్ర ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులపాటు ఇచ్చి చూడగా, మూత్రం ద్వారా బయటకు పోయే ఫ్లోరైడ్ పెరిగినట్లు 2002లో ప్రకటించారు. కీళ్ళనొప్పులని పేరుపెట్టి చారుకూడా మానిపించే పెద్దలు దీనిని గమనించాలి. కాని అది కొద్దిమందిపై జరిగిన చిన్న పరిశోధన. గట్టిపడిన లిగమెంటును చింతపండు కరిగించదు. పాలు, మజ్జిగ, ఉసిరిక ఆహారంలో ఉండడం మేలు. పాలులేని టీని, నల్ల ఉప్పును తగ్గించుకోవాలి.

నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మేలు, 1.5 దాటితే ఆ నీరు త్రాగడానికి పనికిరాదు. గ్రామీణ నీటిసరఫరా విభాగపు ప్రయోగశాలలో ఈ పరీక్ష చేస్తారు. నమూనాను గాజుసీసాలో పట్టరాదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండుమూడు సార్లు కడిగి, నిండా పట్టి, ఏ బోరునుండి ఏ తేదీన తీసినదో సీసామీద వ్రాసి ఇవ్వండి.