"మొదట్నించీ వాయించు" అనే మా పొరపాటు

విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ప్రిన్సిపాల్ గారికి, వయొలిన్ అధ్యాపకులకు



మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఏడాదిగా విశాఖలో మా వీధి చివర ఒక మాస్టారి దగ్గర వయొలిన్ నేర్చుకుంటోంది. మీ విద్యార్థిని కాదు. అయినా మీకే రాస్తున్నాను. 1919 నుంచి నడుస్తున్న కళాశాల మీది. మీరొక పద్ధతి మొదలుపెడితే ఈ చుట్టుపక్కల సంగీతం మాస్టార్లు చెవిన పెడతారని నా ఆశ.

నాకు సంగీతం రాదు. వారానికి రెండు సాయంత్రాలు పిల్లని స్కూటరు మీద దింపడం, క్లాసయ్యేదాకా బయట ఫోను చూసుకోవడం, ఇంట్లో గడియారం పెట్టి అరగంట కూర్చోబెట్టడం... నా వంతు అంతవరకే అనుకున్నాను. ఎక్కడైనా తప్పు వినిపిస్తే (నాకు కూడా వినిపించేంత తప్పయితేనే లెండి) "ఆపు, మొదట్నించీ వాయించు" అనేవాణ్ణి.

ఒకరోజు వాన పట్టుకుంది. మాస్టారు లోపలికి రమ్మన్నారు. మాయామాళవగౌళలో మొదటి సరళి నడుస్తోంది. స, రి బాగానే పలికాయి, గాంధారం కిందికి జారింది. మాస్టారు మొదటికి వెళ్లమనలేదు. "రి, గ. ఆ రెండే" అన్నారు. ఆ రాగంలో రిషభం షడ్జమాన్ని ఆనుకునే ఉంటుంది, గాంధారమేమో దూరం. వీణకున్నట్టు వయొలిన్‌కి మెట్లుండవు కాబట్టి ఆ దూరం వేలికే తెలియాలి. చిన్న చెయ్యి, రెండో వేలు అంత తేలిగ్గా సాగదు. కమాను నిండుగా లాగిస్తూ, ఒక్కో స్వరం నాలుగు లెక్కలు నిలబెట్టి, ఆ రెండే పదిసార్లు వాయింపించారు. తర్వాత గ, మ. ఆ తర్వాతే స నుంచి. ఈసారి గాంధారం నిలబడింది. "పైన ద, ని మధ్య కూడా ఇంతే దూరం తల్లీ, తీగ మారుతుందంతే" అన్నారు. పిల్ల వెంటనే పంచమం తీగ మీదికి వేళ్లు జరిపి చూసుకుంది.

నేను చేసిన పని ఏమిటో అప్పుడు తెలిసింది. మొదట్నించీ అన్నప్పుడల్లా పిల్ల వచ్చిన స, రి మళ్లీ వాయించి, రాని గాంధారాన్ని మళ్లీ తప్పుగానే దాటేసేది. నేను దగ్గరుండి ఆ తప్పునే సాధన చేయించాను.

ఇప్పుడు పొద్దున బడికి ముందు పావుగంట, సాయంత్రం పావుగంట. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టడం మానేశాం. ఫోనులో శ్రుతి పెట్టి పక్కన బోర్లించేస్తాను, వాట్సాప్ కనిపించకుండా. తాళం నాదే: ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. సంగీతం రానివాడికి కూడా ఆదితాళం పట్టుబడుతుంది, అయితే వారం పట్టింది! ఒకటో కాలంలో స్వరస్థానం కుదిరేదాకా రెండో కాలం ఊసెత్తం.

గురుకులంలో శిష్యుడి సాధన కూడా గురువుగారి చెవిన పడుతూ ఉండేది. మీ కళాశాలలో ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి తొలి పాఠాలు అన్నగారే చెప్పారంటారు. ఇంట్లో తప్పు పట్టే చెవి ఉండేదన్నమాట. మా ఇళ్లలో ఆ చెవి లేదు. వారంలో రెండు గంటలు మాస్టారివి, మిగతా రోజులన్నీ మాలాంటి వాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో ఏం చెయ్యాలో మాకు ఎవరూ చెప్పరు, మేమూ అడగం. పిల్లకి ఆసక్తి తగ్గిందని మాత్రం చెప్పుకుంటాం.

అందుకే ఒక విన్నపం. కొత్తగా చేరే పిల్లల తల్లిదండ్రులను ఒక పూట మీ తరగతిలో కూర్చోబెట్టండి. మాకు పాడటం నేర్పక్కర్లేదు. తాళం వెయ్యడం, తప్పు దగ్గర ఆపి ఆ రెండు స్వరాలే వాయింపించడం, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలుసుకోవడం, ఈ మూడూ చాలు. పాఠం అయ్యాక పిల్ల నోటుబుక్కులో "ఈ వారం ఇంట్లో ఇది" అని ఒక్క వాక్యం రాయండి. "బాగా సాధన చెయ్యి" అని మాత్రం రాయకండి, దాన్ని మేం మళ్లీ గడియారంగానే చదువుకుంటాం.

చేరేటప్పుడు దరఖాస్తు మీద మా సంతకం తీసుకుంటారు కదా, ఆ పూట మా హాజరు కూడా తీసుకోండి.

ఇట్లు,
ఒక వయొలిన్ విద్యార్థిని తండ్రి,
విశాఖపట్నం