కొత్త మోడలర్ కొనే ముందు స్పీకరు సంగతి చూడండి

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ సొంతంగా పాటలు రికార్డు చేసుకునే గిటారిస్టుకి 85 వాట్ల ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటి ట్యూబు ఆంప్ వల్ల పెద్దగా ఉపయోగం లేదు. అలాంటి ఆంప్ అసలు గుణం వాల్యూమ్ బాగా పెంచితే తప్ప బయటపడదు. అంత పెంచితే పైఇంటివాళ్లూ కిందింటివాళ్లూ ఊరుకోరు. ఆ ఇబ్బంది తీర్చినవే డిజిటల్ మోడలర్లు. పేరున్న ఆంప్‌లు ఎలా పలుకుతాయో లెక్కగట్టి, ఆ ధ్వనిని హెడ్‌ఫోన్స్‌లోకో కంప్యూటర్‌లోకో నేరుగా పంపే పెట్టెలివి. 1998లో లైన్ 6 కంపెనీ తెచ్చిన పాడ్‌తో ఇవి సామాన్య గిటారిస్టు బల్ల మీదకి చేరాయి. అదే కంపెనీ 2010లో పాడ్ హెచ్‌డీ వరస, 2015లో హెలిక్స్ తెచ్చింది, 2025లో హెలిక్స్ స్టేడియం ప్రకటించింది. మిగతా కంపెనీలదీ ఇదే వరస. కొత్త తరం వచ్చిన ప్రతిసారీ పాతది అమ్మేసి కొత్తది తీసుకోవాలా అన్న ప్రశ్న మొదలవుతుంది. ఇంట్లో రికార్డింగే ముఖ్యమైన పని అయితే, చాలామందికి ఆ ఖర్చు అవసరం లేదన్నది నా వాదన. పాత మోడలర్‌లో మనకు వినిపించే లోటు ఎక్కువగా ఆంప్ నకలులో ఉండదు. ఆంప్ తర్వాత వచ్చే స్పీకరు, మైకుల నకలులో ఉంటుంది, ఆ తర్వాత మనం కూర్చుని వినే గదిలో ఉంటుంది.

ఎలక్ట్రిక్ గిటారు ధ్వనిలో స్పీకరు పాత్ర చాలామంది అనుకునేదానికన్నా చాలా పెద్దది. ఇంట్లో పాటలు వినే స్పీకరు తనకు అందినదంతా ఉన్నదున్నట్టు పలకాలని చూస్తుంది. గిటారు ఆంప్‌లో ఉండే పన్నెండంగుళాల స్పీకరు అలాంటిది కాదు. ఎన్నో రాక్ రికార్డుల్లో వినిపించే సెలెస్టియన్ వింటేజ్ 30నే తీసుకుంటే, దానికి కంపెనీ ఇచ్చే పరిధి 70 నుంచి 5000 హెర్ట్జ్ వరకే. ఆపైన ఉన్న గరగరలన్నింటినీ అది దాదాపుగా కోసేస్తుంది. డిస్టార్షన్ బాగా పెంచిన ఆంప్ ధ్వనిని స్పీకరు లేకుండా నేరుగా వింటే తేనెటీగల గుంపు చెవిలో దూరినట్టుంటుంది. అదే ధ్వని స్పీకరు గుండా, దాని ముందున్న మైకు గుండా వస్తేనే మనకు తెలిసిన గిటారు అవుతుంది. మైకు ఎక్కడుందన్నదీ చిన్న విషయం కాదు. షూర్ ఎస్‌ఎం57ను కోన్ నడిమధ్య నుంచి అంచు వైపు రెండు మూడు సెంటీమీటర్లు జరిపితే పదును తగ్గి ధ్వని మెత్తబడుతుంది. ఆంప్ మీది ట్రెబుల్ మీట ఎంత తిప్పినా సరిగ్గా ఆ మార్పు రాదు. స్టూడియోల్లో ఇంజినీర్లు మైకును అంగుళం అంగుళం జరుపుతూ అంతసేపు గడిపేది అందుకే.

ఈ స్పీకరు, మైకుల స్వభావాన్ని డిజిటల్‌గా పట్టుకునే పద్ధతి పేరు ఇంపల్స్ రెస్పాన్స్, వాడుకలో ఐఆర్. సెకనులో ఇరవయ్యో వంతు నిడివి ఉన్నా సరిపోయే చిన్న ఫైలు అది. 2010 నాటి పాడ్ హెచ్‌డీ 500లో సొంత ఐఆర్ ఫైళ్లు ఎక్కించుకునే వీలు లేదు. దానిలోని క్యాబినెట్‌ను, అంటే స్పీకరు పెట్టె నకలును ఆపేసి, ఆంప్ ధ్వనిని మాత్రం కంప్యూటర్‌లోకి తీసుకుని, అక్కడ ఉచితంగా దొరికే ప్లగిన్‌లో మంచి ఐఆర్ పెడితే ఆ పాత పెట్టె ధ్వనిలో వచ్చే మార్పు చాలా ఎక్కువ. ఆంప్ మోడల్ మాత్రం పాతదే. దీనికి మరో ఆధారం తయారీదారుల దగ్గరే ఉంది. 2022 చివర్లో లైన్ 6 తన హెలిక్స్ కుటుంబానికి 3.50 సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చింది. అందులో అందరి దృష్టీ పడింది కొత్తగా రాసిన క్యాబినెట్ విభాగం మీద, అంటే మైకును ఎటు కావాలంటే అటు జరుపుకునే వీలు మీద. ఏడేళ్ల పాత పెట్టె, అవే ఆంప్‌లు, పైసా ఖర్చు లేదు. మెరుగుదల వచ్చింది స్పీకరు దగ్గర.

ఇక గది. ఇళ్లలో రికార్డింగుకు దొరికేది మహా అయితే పదడుగుల వెడల్పు గది. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ దానికి రెట్టింపు 112 దగ్గర ధ్వని పేరుకుంటుంది. గిటారులో ఐదో తీగ విడిగా మీటితే పలికేది 110 హెర్ట్జ్. అంటే మన గదే ఆ తీగను ఉబ్బించి వినిపిస్తుంది. ఆ బరువు భరించలేక మోడలర్‌లో బాస్ తగ్గిస్తాం. అదే పాట హెడ్‌ఫోన్స్‌లోనో కారులోనో వింటే గిటారు పీలగా ఉంటుంది, నింద మోడలర్ మీద పడుతుంది. కొత్త మోడలర్ తెచ్చి అదే గదిలో, అదే స్పీకర్ల ముందు పెడితే అదే తప్పు మళ్లీ జరుగుతుంది. బట్టలతో నిండిన బీరువాలు, బరువైన పరదాలు పైస్థాయి ప్రతిధ్వనులను తగ్గిస్తాయి కానీ ఈ బాస్ సమస్యకు అవి చాలవు. దళసరి రాక్‌వూల్ పలకలు మూలల్లో నిలబెట్టాలి, లేదా నాణ్యమైన ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ మీద ఆధారపడాలి. రెండింటికీ అయ్యే ఖర్చు కొత్త మోడలర్ ధరలో చిన్న భాగమే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. కొత్త మోడలర్లలో తేడా చెవికన్నా ముందు వేళ్లకు తెలుస్తుందని వాయించేవాళ్లంటారు. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే కాస్త విరుగుతూ పలికే ఆ సరిహద్దు ధ్వనిలో పాత పెట్టెలు తడబడతాయి, కొత్తవి నిజమైన ట్యూబులా స్పందిస్తాయి. ఈ మాట నిజం, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వాయించేవాడికి చేతికింద స్పందన బాగుంటే వాయింపే మారుతుంది, ఆ మార్పు రికార్డులోకి ఎక్కుతుంది. బ్లూస్ వాయించేవాళ్లకీ, గిటారు మీది వాల్యూమ్ మీటతోనే ధ్వనిని నడిపించేవాళ్లకీ ఇది సరైన కారణమే. కానీ సినిమా పాటల కవర్లలో ఆర్పెజియోలు వాయించేవాళ్లకీ, శుభ్రమైన టోన్‌లో రాగాలు పలికించేవాళ్లకీ ఈ తేడా బాగా తగ్గిపోతుంది. ఎందుకంటే తరాల మధ్య అసలు పోటీ డిస్టార్షన్‌ను అనుకరించడంలోనే జరిగింది. పైగా ఆ స్పందన కోసం కొత్త పెట్టే కొనాలని లేదు. స్టీవెన్ ఆట్కిన్సన్ రూపొందించిన న్యూరల్ ఆంప్ మోడలర్ ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. కొద్ది నిమిషాల పరీక్ష ధ్వనిని అసలు ఆంప్ గుండా పంపి, బయటికొచ్చినదాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పిస్తే ఆ ఆంప్ నకలు తయారవుతుంది. సాధారణంగా అది ఆంప్‌ను ఒక్క అమరికలోనే పట్టుకుంటుంది, మీటలు తిప్పుకునే స్వేచ్ఛ తక్కువ. అయినా ఒక పాటకు ఒక ధ్వని కావాల్సినవాళ్లకు అది చాలు, మామూలు ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది.

నా దృష్టిలో ఇంట్లో రికార్డు చేసే ప్రతి గిటారిస్టూ చేయాల్సిన పని మరొకటుంది. మోడలర్ ధ్వనితో పాటు గిటారు నుంచి వచ్చే శుద్ధమైన సంకేతాన్ని, వాడుకలో డీఐ అంటారు, విడి ట్రాక్‌గా దాచుకోవాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో నాలుగు నిమిషాల పాటకు అది సుమారు 35 ఎంబీ మాత్రమే. ఐదేళ్ల తర్వాత ఇంతకన్నా మంచి మోడలర్ వస్తే, ఈ రోజు వాయించినదాన్నే దాని గుండా మళ్లీ పంపి కొత్త ధ్వని తీసుకోవచ్చు. డీఐ లేని ట్రాక్ ఈ రోజు ప్రీసెట్‌కు శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఈ అలవాటు ఉంటే కొత్తది ఇప్పుడే కొనాలన్న తొందర సగం పోతుంది. పోల్చి చూడటానికి కూడా ఇదే నమ్మకమైన దారి. దుకాణంలోనో వీడియోలోనో కొత్తది మెరుగ్గా వినిపించడానికి తరచూ కారణం అది కాస్త గట్టిగా పలకడమే. కొంచెం ఎక్కువ శబ్దాన్ని మన చెవి మంచి శబ్దంగా పొరబడుతుంది. ఒకే డీఐని రెండు మోడలర్ల గుండా పంపి, శబ్దస్థాయి సమం చేసి, ఒకే ఐఆర్ పెట్టి, డ్రమ్స్‌తో బాస్‌తో కలిపి పాటలో వినాలి. విడిగా విన్నప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా అక్కడ ఎంత మిగులుతుందన్నదే కొనుగోలుకు ఆధారం.

కొనాల్సిన సందర్భాలూ ఉన్నాయి. పాత పెట్టెకు కంపెనీ డ్రైవర్లు ఆపేసి, కొత్త కంప్యూటర్ దాన్ని గుర్తించకపోతే ఆలస్యం చేయనక్కర్లేదు. వేదికల మీద కూడా వాయిస్తూ, ఇంట్లోని ధ్వనినే అక్కడికి మోసుకెళ్లాల్సినవాళ్లకు తేలికైన కొత్త మోడలర్ అవసరమే. కంప్యూటర్ తెర చూస్తే వాయించే మూడ్ పోతుందనేవాళ్లకు మీటలు చేతికందే పెట్టె విలువ ఎక్కువ, ఆ కారణాన్ని నేను చిన్నచూపు చూడను. ఇవేవీ వర్తించకుండా కేవలం ధ్వని బాగాలేదన్న అసంతృప్తితో కొనబోతున్నవాళ్లు ముందు కొత్త తీగలు వేసి, ఐఆర్ మార్చి, గది సంగతి చూసి, అదే పాటను మళ్లీ ఒకసారి వినాలి. దిగుమతి సుంకంతో, జీఎస్టీతో పెరిగిన ధర చెల్లించాలా వద్దా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.