ఆకు పసుపుబారగానే మందు పోయకండి

మిద్దె తోటలు, బాల్కనీ తోటలు పెంచే కుటుంబాలకూ, నర్సరీ యజమానులకూ, ఉద్యాన శాఖ అధికారులకూ విన్నపం

మృగశిర కార్తె వచ్చిందంటే చాలు, హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం మిద్దెల మీద నారు సందడి మొదలవుతుంది. టమాటా, వంగ, మిరప, బెండ, బీర, చోటు మిగిలితే రెండు బంతి మొక్కలు. విత్తనం వేసిన మూడు నాలుగు వారాలకు చాలా ఇళ్లలో ఒకే మాట వినపడుతుంది: "ఆకులు పసుపుబారిపోతున్నాయండీ, ఏం వేయమంటారు?" అడిగిందే తడవుగా సలహాలు వచ్చి పడతాయి. గుప్పెడు యూరియా వేయమని ఒకరు, చెంచాడు డీఏపీ చాలని ఇంకొకరు. ఎరువుల కొట్లో అడిగితే లేబుల్ లేని సీసాలో ఏదో పోసి చేతికిస్తారు. వారం తిరిగేసరికి నారు వాలిపోతుంది. "మా చేతికి మొక్క రాదు" అనుకుంటూ ఆ ఇంటివాళ్లు కుండీలను నీళ్ల ట్యాంకు వెనక్కి నెట్టేస్తారు. వాళ్ల చేతిలో లోపం లేదు. కారణం తెలియకుండా మందు పోయించిన అలవాటులో ఉంది లోపం. ఆ అలవాటును మూడు చోట్ల మార్చాలి: మన ఇళ్లలో, నారు అమ్మే నర్సరీల్లో, సలహా ఇవ్వాల్సిన ప్రభుత్వ శాఖలో.

ముందుగా, భయపడనక్కర్లేని పసుపు ఒకటుంది. టమాటా, మిరప, వంగ మొలిచినప్పుడు మొదట వచ్చే జంట ఆకులు బీజదళాలు. వాటిలో దాచుకున్న ఆహారం అయిపోయాక, అసలు ఆకులు నాలుగైదు వచ్చేసరికి, అవి పసుపుబారి రాలిపోతాయి. అది సహజం. దానికి మందు లేదు, అక్కర్లేదు.

నిజంగా ప్రాణం తీసేది నీళ్ల పసుపు. మిద్దె తోటల్లో పోయే నారులో ఎక్కువ భాగం దీనివల్లే పోతుందని నా నమ్మకం. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పెయింటు బకెట్టుకు అడుగున ఒకే చిల్లు, దాని కింద పళ్లెం, పళ్లెంలో ఎప్పుడూ నిలవ నీళ్లు. పైన మట్టి ఎండినట్టు కనిపించగానే ఇంకో చెంబు పోస్తాం. లోపల మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోటంతా నీరు నిండిపోతుంది. వేరుకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు నీటినీ పీల్చలేదు, పోషకాన్నీ పీల్చలేదు. అందుకే నీళ్లలో నిలబడ్డ మొక్క దాహంతో ఉన్నట్టు వాడుతుంది, ఆకలితో ఉన్నట్టు పసుపుబారుతుంది. చూసినవాళ్లు దాహమనుకుని నీళ్లు, ఆకలనుకుని ఎరువు పోస్తారు. రెండూ మొక్కను ఇంకాస్త తొందరగా చంపుతాయి.

ఇది తేల్చుకోవడం కష్టం కాదు. అలాంటి మిరప మొక్క ఒకదాన్ని తీసుకోండి. కుండీని పక్కకు వాల్చి, అడుగున తట్టి, మట్టి గడ్డతో సహా జాగ్రత్తగా బయటికి లాగండి. ముందు వాసన చూడండి. మంచి మట్టికి తొలకరి వాసన ఉంటుంది. ఊపిరాడని మట్టి మురుగు కంపు కొడుతుంది. తర్వాత వేళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమ రంగులో మెత్తగా ఉంటుంది. దాన్ని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే పై పొర ఊడి చేతికొస్తుంది, లోపల సన్నటి దారం లాంటి పీచు మాత్రం మిగులుతుంది. పిథియం అనే శిలీంధ్రం లాంటి జీవి నీళ్లు నిలిచిన మట్టిలో చేసే పని ఇది. మొలకల దశలో కాండం నేలను తాకే చోట మెత్తబడి నారు వాలిపోయే నారుకుళ్లు తెగులుకు ముఖ్య కారణాల్లో ఇదీ ఒకటి. ఆ వేరును చూశాక యూరియా పొట్లం విప్పబుద్ధి కాదు. చేయాల్సింది పళ్లెం తీసేయడం, అడుగున నాలుగైదు చిల్లులు పెట్టడం, కుండీని ఇటుక ముక్కల మీద ఎత్తి ఉంచడం. ఆపైన వేలిని రెండు కణుపుల లోతు దించి, తడి తగలకపోతేనే నీళ్లు పోయాలి.

నర్సరీ కవర్లలో వచ్చే మొక్కకు ఇంకో చిక్కుంది. కవరులో ఉన్నది బిగుసుకున్న ఎర్రమట్టి గడ్డ. ఇంట్లో మనం నింపేది కోకోపీట్, కంపోస్టు కలిసిన గుల్ల మిశ్రమం. పోసిన నీరు ఆ గుల్ల మిశ్రమంలోంచి జారిపోతుంది. మొక్క వేళ్లన్నీ ఉన్న ఎర్రమట్టి గడ్డ మధ్యలో పొడిగానే ఉండిపోతుంది. పైన తడి, కింద తడి, మొక్క మాత్రం ఎండుతుంది. నాటేముందు ఆ గడ్డను నీళ్లలో నానబెట్టి, అంచులు వేళ్లతో కాస్త వదులు చేస్తే ఈ బాధ తప్పుతుంది.

వేరు తెల్లగానే ఉండి, చిల్లులూ సరిగ్గానే ఉంటే అప్పుడు ఆకుల వైపు చూడాలి. మొదట అడగాల్సిన ప్రశ్న: పసుపు కింది ఆకుల్లో మొదలైందా, పై ఆకుల్లోనా? నత్రజని మొక్కలో కదిలే పోషకం. కొరత వస్తే మొక్క ముసలి ఆకుల్లోంచి దాన్ని లాగి చిగురుకు పంపుతుంది, కాబట్టి కింది ఆకులు మొత్తంగా పాలిపోతాయి. మెగ్నీషియమూ కదిలేదే. దాని కొరతలో కింది ఆకుల ఈనెలు ఆకుపచ్చగా ఉండి, మధ్య భాగం పసుపవుతుంది. ఇనుము అలా కదలదు. దాని కొరత చిగురులో కనిపిస్తుంది: లేత ఆకు నిమ్మపండు రంగుకు మారి, ఈనెలు మాత్రం పచ్చటి వలలా నిలుస్తాయి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం మందులు కొనే పని ఉండదు.

వట్టి కోకోపీట్‌లో మొలిపించిన నారు రెండు మూడు వారాలకు కింది నుంచి పాలిపోతే అది నిజమైన ఆకలే. కోకోపీట్‌లో పోషకం దాదాపు ఉండదు. అప్పుడు బాగా మాగిన వర్మీకంపోస్టు ఒక గుప్పెడు వేయండి. యూరియా బస్తాలో 46 శాతం నత్రజని. అది ఎకరాల లెక్కన చల్లే సరుకు. దోసెడు మట్టిలో దాన్ని గుప్పెడు వేస్తే ఉప్పదనం పెరిగి వేరులోని నీటినే బయటికి లాగేస్తుంది. కడగని కోకోపీట్ ఇటుకల్లో సోడియం, పొటాషియం లవణాలు ఎక్కువగా ఉండవచ్చు కనుక, వాడేముందు రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాలి. పచ్చి పేడ, రంపపు పొట్టు నేరుగా కలపడమూ తప్పే. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే మట్టిలోని నత్రజనిని తినేసి మొక్కను పస్తు ఉంచుతాయి.

హైదరాబాదు మిద్దెల మీద ఎక్కువగా కనిపించే చిగురు పసుపుకు మూలం చాలాసార్లు బోరునీళ్లే. దక్కను రాతి నేలల బోర్లలో నీరు చాలాచోట్ల కఠినం. రోజూ అదే పోస్తుంటే బైకార్బనేట్లు పేరుకుని మట్టి క్షార గుణంలోకి మారుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తే అనుమానించండి. వేరుశనగ రైతులకు ఈ జబ్బు పాతదే. సున్నపు నేలల్లో పైరు పాలిపోతే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లుతారు. లేత నారుకు అందులో సగం మోతాదు, ఎండ తగ్గాక, ముందు ఒక మొక్క మీద చల్లి చూడండి. అంతకంటే మేలు వాన నీళ్లు పట్టి పోయడం.

పోషకాలతో సంబంధం లేని పసుపు కూడా ఉంది. ఆకు అడుగున సన్నటి గూడు, పైన సూది పొడిచినట్టు పసుపు చుక్కలు ఉంటే ఎర్రనల్లి. వంగ, బెండ ఆకుల అంచులు పసుపుబారి పైకి ముడుచుకుంటే పచ్చదోమ. బెండ ఈనెలే పసుపు వలలా మెరుస్తుంటే పల్లాకు తెగులు. అది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది, దానికి మందు లేదు. ఆ మొక్కను మొహమాటం లేకుండా పీకి, సంచిలో కట్టి పారేయాలి. మళ్లీ వేసేటప్పుడు తెగులును తట్టుకునే రకాన్ని అడగండి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అనామికను రూపొందించింది ఇందుకే. ఇక షేడ్‌నెట్ కింద పెరిగిన నారును కొన్నరోజే మండుటెండలో పెడితే ఆకులు తెల్లబారి పసుపుబారతాయి. దాన్ని వారం పది రోజుల పాటు కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయాలి.

ఇంతగా చూడమని చెప్పడం చాదస్తం అనుకునేవారికి ఒక సంగతి. ఉత్తరాదిన తరాయి ప్రాంతంలో వరి నారు తుప్పు రంగు తిరిగి చచ్చిపోతుంటే అదేదో తెగులని చాలాకాలం అనుకున్నారు. రైతులు దాన్ని ఖైరా అన్నారు. పంత్‌నగర్‌లో పనిచేసిన వై. ఎల్. నేనే 1966లో అది తెగులు కాదని, జింకు లోపమని తేల్చారు. జింకు సల్ఫేటుతో పొలాలు తేరుకున్నాయి. ఆయన తర్వాత మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. లక్షణం ఒకటే కనిపించినా కారణం వెతికి పట్టుకున్న మనిషి మన ఊరి పక్కనే తిరిగారు. ఆ పద్ధతి మన మిద్దె దాకా రాకపోవడం బాధాకరం.

ఇంట్లో మనం చేయగలిగింది ఇది. పసుపు కనిపించిన రోజు నుంచి మూడు రోజులు ఎరువూ మందూ ముట్టకండి. మొదటి రోజు వేలు దించి తడి చూడండి, చిల్లులు చూడండి. ఏ ఆకుతో మొదలైందో ఫోటో తీసి పెట్టుకోండి. ఆకు తిప్పి అడుగు చూడండి. ఒక మొక్కను లాగి వేరు చూడండి. మూడో రోజుకు కారణం చాలావరకు మీకే తెలుస్తుంది.

నర్సరీల వారిని అడిగేది పెద్ద ఖర్చు కాదు. ప్రతి ట్రేతో ఒక చిన్న చీటీ ఇవ్వండి: విత్తిన తేదీ, రకం పేరు, వాడిన మిశ్రమం, నీడలో పెరిగిందా ఎండలోనా. కడియం నర్సరీల నుంచి నగరాలకు లారీల్లో వచ్చే మొక్కతో పాటు ఈ నాలుగు మాటలు రావాలి. చిల్లులు లేని కుండీ అమ్మకండి.

పురుగుమందుల విషయంలో ఇంకాస్త గట్టిగా మాట్లాడాలి. 1968 నాటి కీటకనాశనుల చట్టం ప్రకారం ఇవి అమ్మడానికి లైసెన్సు కావాలి, ప్రతి డబ్బాకూ లేబుల్, విషపు తీవ్రతను చెప్పే రంగు త్రికోణం ఉండాలి. ఎరుపు త్రికోణం అన్నిటికన్నా ప్రమాదం. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకం మన దేశంలో నిషిద్ధం. పిల్లలు ఆడుకునే మిద్దె మీదికి, రేపు మనమే తినబోయే వంకాయ మీదికి పేరు లేని సీసా తీసుకురావడం ఒప్పుకోకూడదు. అలా పోసి ఇచ్చే కొట్టువారిని లేబుల్ చూపించమని అడగండి. చూపకపోతే కొనకండి.

ఉద్యాన శాఖలను కోరేది ఒక్కటే, కానీ ముఖ్యమైనది. 1999 నుంచి నడుస్తున్న రైతు బజార్లు మన నగరాల్లో పేటపేటకూ దగ్గరగా ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వారానికి ఒక పూట, ప్రతి రైతు బజారులో మొక్కల పరీక్ష బల్ల పెట్టండి. ఒక భూతద్దం, పీహెచ్, లవణాలు కొలిచే చిన్న పరికరాలు, తెలిసిన మనిషి ఒకరు ఉంటే చాలు. మనిషి కోసం వెతకనక్కర్లేదు. ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, వెంకటరామన్నగూడెంలోని వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం విద్యార్థులు చివరి ఏడాది అనుభవం కోసం పల్లెలకు వెళ్తారు. అందులో కొన్ని పూటలు నగరపు రైతు బజార్లకు కేటాయించండి. గృహిణి తెచ్చిన పసుపు ఆకు, సీసాలో తెచ్చిన బోరునీరు, గుప్పెడు మట్టి చూసి కారణం చెప్పి పంపండి. ఆ బల్ల మీద ఏ మందూ అమ్మకూడదు.

ఈ కరపత్రం చదివినవారు తమ కాలనీ సంఘం తరఫున జిల్లా ఉద్యాన అధికారికి ఒక ఉత్తరం రాయండి. మీ పేటలో ఎన్ని ఇళ్లలో కుండీలున్నాయో, ఏ నీళ్లు పోస్తున్నారో, దగ్గర్లోని రైతు బజారు ఏదో అందులో రాయండి. ఈ వర్షాకాలం నారు పోసే లోపే ఆ ఉత్తరం చేరాలి.