నొప్పి తగ్గించడం దానం కాదు, హక్కు

తూర్పుగోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో కేన్సర్ కేసులు ఎక్కువన్న సంగతి 2025 మార్చిలో శాసనసభ దాకా వెళ్లింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. జబ్బును ముందే కనిపెట్టాలన్నది సరైన మాటే. కాని జబ్బు ముదిరి, "ఇక ఇంటికి తీసుకుపోండి" అనిపించుకున్నవాళ్ల గతేమిటి?

ఆ బరువు కూలి కుటుంబం మీద పడుతున్నది. దాళ్వా ఊడ్పుల రోజుల్లో మంచం పక్కన కూర్చునేది భార్యో, కోడలో. కూర్చుంటే కూలి పోయె. పనికి పోతే రోగికి గుక్కెడు నీళ్లు పోసే దిక్కులేదు.

మందు లేక కాదు ఈ బాధ. మార్ఫిన్ బిళ్ల చవకైనదే. దానికి మూలమైన నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సు మీద పండిస్తున్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం చిక్కులకు జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానుకున్నాయి. 2014లో చట్టం సవరించారు. చట్టం మారినంత వేగంగా మందు పల్లెకు రాలేదు. ఉపశమన వైద్యం కావలసినవారిలో నూటికి 14 మందికే అది అందుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

కేరళ ఒక దారి చూపింది. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో కొద్దిమంది డాక్టర్లు మొదలెట్టిన పని తర్వాత మలప్పురం జిల్లా ఊళ్లకు పాకింది. ఇరుగుపొరుగువాళ్లే శిక్షణ పొంది, చిన్న చిన్న చందాలు పోగుచేశారు. నర్సు ఇంటికే వెళ్లి పుండు కడిగి, మందు చూస్తుంది. 2008లో అక్కడి వామపక్ష ప్రభుత్వం దీన్ని తన విధానంగా ప్రకటించి పంచాయతీలకు బాధ్యత అప్పగించింది.

అయితే ఒక హెచ్చరిక. "ఊరే చూసుకుంటుంది" అని సర్కారు చేతులు దులుపుకుంటే ఒప్పుకోరాదు. జీతం పెంచకుండా ఆశా అక్కచెల్లెళ్ల నెత్తిన మరో పని రుద్దడం సేవ కాదు, వెట్టి. సాయానికి వెళ్లినవాళ్లు కులం, పార్టీ చూడరాదు. రోగి ఇంటి గుట్టు రచ్చబండ మీద పెట్టరాదు. తన జబ్బు సంగతి రోగి అడిగితే దాచరాదు.

కనుక మేము కోరేది ఇది: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శిక్షణ పొందిన డాక్టరు, మార్ఫిన్ ఉండాలి. మండలానికి ఇంటికొచ్చే నర్సులు కావాలి. రోగిని కనిపెట్టుకుని పని మానుకున్నవారికి కూలి భృతి ఇవ్వాలి. కూలిరేట్లు, ఇళ్లస్థలాలతో పాటు వ్యవసాయ కార్మిక సంఘాలు ఈ కోర్కెలనూ మహజరులో చేర్చాలి. జీవితమంతా పరుల చేలల్లో నడుం వంచిన మనిషి చివరి రోజుల్లో మూలుగుతూ పోనక్కరలేదు.