పెరటికి సిమెంటు వేస్తారట!

ఉగాదికి ఇంకా పదిహేను రోజులుంది. మైపాడు దారిలో ఉన్న మా అత్తగారి ఊళ్లో బీరపందిరి నిండా పసుపుపచ్చ పూత. సంక్రాంతి వెళ్లాక పెట్టిన బెండ అప్పుడే రెండు కోతలు కోశారు. ఆకులన్నీ దూసేసి, కొమ్మలు కత్తిరించి, నీళ్లు ఆపి ఎండగట్టిన మల్లెపొదలు ఇప్పుడు తడి తగిలేసరికి చిటారున మొగ్గలు పెడుతున్నాయి. ఇంత మంచి సమయంలో మా కుటుంబం ఒక నిర్ణయం తీసుకోబోతోంది. ఉగాదికి అందరం కలిసినప్పుడు మాట్లాడుకుని, ఎండాకాలంలో పెరడంతా సిమెంటు చేయించి, పైన టైల్స్ పరిపిస్తారట.

ఎవరు అన్నారంటే అందరూ అన్నారు. జర్మనీలో ఉన్న మా మరిది వీడియో కాల్‌లో డబ్బు తనిస్తానన్నాడు. పిల్లలొస్తే కాళ్లకు మట్టి అంటకూడదట. మావారికి కార్లు నిలిపే చోటు కావాలి. ఆడపడుచుకు శుభకార్యాలకి షామియానా వేసుకునే వీలుండాలి. అందరి నోటా ఒకటే మాట, "శుభ్రంగా ఉంటుంది."

ఈ "శుభ్రం" అనే మాట మీదే నాకు కోపం.

మీ ఇళ్లలోనూ ఈ మాట వినే ఉంటారు. మట్టి అంటే మురికి, రాలిన ఆకు అంటే చెత్త, పెరడంటే ముసలివాళ్ల కాలక్షేపం. మా మామగారు పోయాక అత్త ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటోందని, ఏదో తోచకపోతే నాలుగు మొక్కలు పెంచుకుంటోందని మావాళ్ల లెక్క. ఆమె కాలక్షేపం ఏమిటో ఒకసారి చూడండి. తెల్లారి అయిదింటికి లేచి మడులకు నీళ్లు పట్టడం. పేడ ఎరువు, పొయ్యి బూడిద కలిపి పాదుల్లో వెయ్యడం. చిక్కుడుకి పేనుబంక పడితే వేపగింజలు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి చల్లడం. సాయంత్రం బీరపూలు విచ్చుకునే వేళకు తుమ్మెదలు రాకపోతే మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దడం. ఇసక నేల కాబట్టి పోసిన నీరు నిలవదు, రోజూ రెండు పూటలా తడపాలి. ఈ పనిలో నెలజీతం లేదు కాబట్టి దీన్ని కాలక్షేపం అంటున్నారు. అదే పని పొలంలో మగవాళ్లు చేస్తే వ్యవసాయం అంటారు.

నేను బి.ఏ. తెలుగు చదివాను. వసంత వర్ణనలు ఎన్ని బట్టీ పట్టామో! మావిచిగుళ్లు, కోయిలలు, మలయమారుతం. నేను చదివినంతలో తోటలో తిరిగేవాళ్లే గానీ తోటకు నీళ్లు పోసేవాళ్లు దాదాపు కనబడరు. శకుంతల ఒక్కతే చెట్లకు నీళ్లు పోస్తూ కనబడింది. పాపం, ఆ పని కూడా రాజుగారు చెట్టు చాటు నుంచి చూసి మనసు పారేసుకోవడానికే పనికొచ్చింది.

సరే, నా కోపం పక్కన పెట్టి మా తోడికోడలు మాట చెబుతాను. ఆమె ఆ ఊళ్లోనే, పక్కవీధిలో ఉంటుంది. సిమెంటు వెయ్యమనే వాళ్లలో ఆమె కూడా ఉంది. నేను ఫోన్ చేసి "నువ్వు కూడానా?" అంటే ఒక్క మాటతో నా నోరు మూయించింది.

"అక్కా, నువ్వు నెల్లూర్లో కూర్చోని పెరడు కావాలంటావు. పండగొస్తే ఊడ్చేది నేను. పోయిన వానాకాలం అత్త బురదలో జారి పడితే ఆస్పత్రికి తీసకపోయిందీ నేనే."

నిజం. వాదనలో ఎదుటివాళ్లకు బలమున్నచోట దాన్ని ఒప్పుకోవాలి. నాకు సెలవు రోజున వెళ్లి కోసుకొచ్చే మల్లెమొగ్గలు, ఆమెకు రోజూ నడుం వంచే చీపురు. పెరడు వద్దనే ఆడవాళ్లలో చాలామందికి మొక్కల మీద ద్వేషం లేదు, ఒంటరి చాకిరీ మీద విసుగు ఉంది. ఆ విసుగుకి మగవాళ్లు ఇస్తున్న జవాబు సిమెంటు. చీపురు మేమూ పడతాం అని మాత్రం ఒక్కరూ అనలేదు గమనించారా? లక్షలు ఖర్చు పెట్టడం వాళ్లకు సులువు, శనివారం ఒక గంట వంగడం కష్టం.

ఇక అసలు సంగతికొస్తాను. మా పెరట్లో ఒక వరల బావి ఉంది. సముద్రం మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నా అందులో నీళ్లు తియ్యగా ఉంటాయి. కొత్తగా పెళ్లై వచ్చినప్పుడు నాకు ఇది వింతగా ఉండేది. కారణం చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. లీటరు మంచినీళ్లు వెయ్యి గ్రాములుంటే సముద్రపు నీళ్లు 1025 గ్రాముల దాకా బరువు ఉంటాయి. అందుకని ఇసకలో ఇంకిన వాననీరు కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది, మజ్జిగ మీద వెన్న తేలినట్టు. ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు వందేళ్ల కిందటే దీనికి లెక్క కట్టారు. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉంటుంది. తిరగేసి చూడండి. పైన ఒక్క అడుగు తగ్గితే కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకి వచ్చే దారి తెరుచుకుంటుంది.

ఈ లెక్క తెలియకుండానే మన కోస్తా రైతులు దాన్ని పాటించారు. ఇసక నేలల్లో దొరువులు తవ్వుకునేవాళ్లు. లోతుకు పోకుండా, పైపైన తేలే మంచినీటిని మాత్రం కుండతో ముంచి నారుమళ్లకు, కూరగాయలకు పోసుకునేవాళ్లు. బాపట్లలోని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ దొరువు పద్ధతినే మెరుగుపరిచి రైతులకు ఇచ్చారు. అంటే పాతకాలపు చాదస్తం అని కొట్టిపారేసేది కాదన్నమాట.

ఆ మంచినీటి పొర ఎక్కడి నుంచి వస్తుంది? మన నెల్లూరు తీరానికి వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. ఆ మూడు నెలల్లో నేల తాగినంతే మిగతా తొమ్మిది నెలలకూ ఆధారం. మావాళ్లు సిమెంటు వేద్దామంటున్న చోటు అయిదు సెంట్లు, అంటే సుమారు 200 చదరపు మీటర్లు. ఏడాదికి ఒక మీటరు వాన అనుకుంటే దాని మీద పడే నీరు రెండు లక్షల లీటర్లు. అందులో సగం ఇంకినా లక్ష లీటర్లు. మనకు అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే 5000 వాటర్ క్యాన్లు. క్యాను 20 రూపాయల చొప్పున లక్ష రూపాయల నీరు. ఏటా పైనుంచి ఉచితంగా వచ్చే దాన్ని, డబ్బు పెట్టి కాలవలోకి తోలుకోవడానికి టైల్స్ వేయిస్తున్నాం!

నేను పతివ్రతలాగా మాట్లాడటం లేదు. నెల్లూర్లో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు గేటు నుంచి వెనక గోడ దాకా ఒక్క అంగుళం మట్టి లేకుండా గ్రానైట్ వేయించింది నేనే. "తుడుచుకుంటే అద్దంలా ఉంటుంది" అని మురిసిపోయాను కూడా. ఆ తర్వాత బోరు రెండుసార్లు లోతు చేయించాం. ఇప్పుడు తాగడానికి క్యాన్లు, బట్టలకు ట్యాంకరు. మే నెలలో రాత్రి పదింటికి కూడా ఆ బండలు సెగలు కక్కుతుంటాయి. కుండీల్లో నాలుగు మందారాలు పెట్టి దాన్నే తోట అని చెప్పుకుంటున్నాను. చేసిన తప్పు ఒక ఇంటితో ఆగాలని నా గోల.

ఉప్పు సంగతి మన జిల్లావాళ్లకు ఒకరు చెప్పాలా? 1990ల మొదట్లో రొయ్యల గుంటలు ఊళ్ల మీదికి వచ్చినప్పుడు తాగే బావులు చెడిపోతున్నాయని ఎంత గొడవ! ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులు తొలగించాలని 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. ఆ తర్వాత చట్టాలు మారాయి, గుంటలు మళ్లీ వచ్చాయి, అది వేరే కథ. అప్పుడు ఎవరో గుంటలు తవ్వి మన నీళ్లు చెడగొడుతున్నారని అరిచాం. ఇప్పుడు మన పెరటిని మనమే కప్పేసుకుని మన బావిని మనమే ఎండగట్టుకుంటే ఏ కోర్టుకు పోదాం?

మా మరిదికి ఇంకో ముక్క. బాబూ, నువ్వుండే జర్మనీలోనే చాలా ఊళ్లలో ఇంటి ఆవరణలో నీరు ఇంకకుండా ఎంత నేల కప్పేస్తే అంతకు లెక్కగట్టి వాననీటి రుసుము వసూలు చేస్తారు. అక్కడ రుసుము కట్టాల్సిన పని ఇక్కడ అభివృద్ధి ఎలా అవుతుంది? పిల్లల కాళ్లకు మట్టి అంటితే చెంబుడు నీళ్లతో పోతుంది. ఆ చెంబుడు నీళ్లు ఉండాలి కదా.

అత్తను అడిగాను, నీకేం కావాలని. అంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు. మల్లెపొద మొదట్లో మట్టి ఎగదోస్తూ, తల కూడా ఎత్తకుండా అంది, "నాకేం మే, వాళ్లిష్టం. సిమెంటు మీద ఏం మొలస్తాది? పొద్దున లేచి ఎక్కడికి పోవాల నేను?"

ఆ రెండో మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. డెబ్బై రెండేళ్ల మనిషికి పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటు ఉంది. ఆమె కోసం ఎదురుచూసే పాదులున్నాయి. ఇల్లు మామగారి పేరున ఉండేది, ఇప్పుడు కొడుకుల పేరున ఉంది. ఆ ఇంట్లో ఆమె సొంతంగా చేసుకున్నది ఆ పెరడొక్కటే. దాన్ని ఆమె మంచి కోసమే తీసేస్తున్నాం అంటున్నారు.

వద్దనడం తేలిక, ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. నేను ఉగాదినాడు అందరి ముందూ పెట్టబోయేది ఇది. వంటింటి గడప నుంచి బావి దాకా, అక్కడి నుంచి బాత్‌రూమ్ దాకా మూడడుగుల బాట వేద్దాం. సిమెంటు పెట్టకుండా ఇటుకలు ఇసకలో పరిస్తే అత్త కాలు జారదు, సందుల్లోంచి నీరు ఇంకుతుంది. పక్కన పట్టుకునే కమ్మీ ఒకటి పెట్టిద్దాం. కారు వీధిలో నిలిపితే కొంప మునగదు. మరిది ఇస్తానన్న డబ్బులో కొంత ఊడవడానికి, నీళ్లు పట్టడానికి ఒక మనిషికి నెలనెలా జీతంగా ఇద్దాం, తోడికోడలి నడుముకి విశ్రాంతి దొరుకుతుంది. నెలకు రెండు శనివారాలు నేనూ మావారూ వెళ్లి పని చేస్తాం. మావారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, ఇక్కడే చదువుకుంటారు.

రాలిన ఆకులు కూడా చెత్త కాదు. పాదుల చుట్టూ పరిస్తే ఇసకలో తడి ఆరకుండా ఆపేది అవే. మనం ఊడ్చి తగలబెట్టి, ఆ తర్వాత రెండు పూటలా నీళ్లు మోస్తున్నాం.

మీ అమ్మగారింట్లోనో అత్తగారింట్లోనో ఇలాంటి మాట వస్తే "శుభ్రం" అన్న దగ్గరే ఆపి మూడు ప్రశ్నలు అడగండి. వాన ఎక్కడికి పోవాలి? ఇంతకాలం ఈ పని చేసిందెవరు? ఆమెను అడిగారా?

ఈ ఉగాది పచ్చడికి వేపపువ్వు మా పెరటి చెట్టుదే. వచ్చే ఉగాదికి కూడా ఆ చెట్టు కింద మట్టి ఉండాలని నా పట్టుదల. గెలుస్తానో లేదో తెలియదు. గొడవ మాత్రం పెట్టుకోబోతున్నాను.