జట్టు కోరుకొనునపుడు మొదట నెవరిని పిలువవలెను?

మన పాఠశాలలో చెడుగుడు పందెములకు జట్లు కోరుకొను దినమున జరుగు తంతు చదువరులందఱు నెఱిగినదే. నాయకులిద్దరు చింతచెట్టు క్రింద నెదురెదురుగా నిలుతురు. బొమ్మ పడినవానికి మొదటిపిలుపు దక్కును. అతడు క్షణమైన నాలోచింపక, కూతకు బోవుటలో నెల్లరకంటె చుఱుకైన బాలుని పేరుపెట్టి పిలుచును. ఆ బాలుడు నవ్వుచు పరుగెత్తి వచ్చును. చూచువారు చప్పట్లు చఱతురు. రెండవ నాయకుడు ముఖము చిన్నబుచ్చుకొని, మిగిలినవారిలో నెవడు వేగముగా కూతకు బోవునో వానిని బిలుచును. చేతులు కట్టుకొని వెనుక నిలిచియుండు బలిష్ఠుడు, చేతికి చీలమండ దొరికిన విడువనివాడు, అయిదవ పిలుపుననో యాఱవ పిలుపుననో వచ్చును. బాలికల జట్లలోను ఇదియే వరుస.

ఈ వరుస తప్పని నా యభిప్రాయము. మొదటిపిలుపు కూతకు బోవువానిపై వెచ్చింపరాదు. ఇట్లనుటచే కొందఱు బాలురకు కోపము వచ్చునని యెఱుగుదును. వారు తుదివఱకు చదివి పిమ్మట కోపింతురుగాక. పత్రికలలో రైడరు, డిఫెండరు అని వ్రాయుదురు గాని, సౌలభ్యమునకై యీ వ్యాసమున కూతగాడనియు పట్టుగాడనియు వ్రాయుదును.

ముందుగా ఆట నడుచు తీరును గూర్చి యొకమాట. కూతగాడు ముప్పది సెకండ్లలో ఎదుటి బరిలోనికి బోయి, ఒకనినో యిద్దరినో తాకి, తిరిగి రావలెను. ఇంతవఱకు అందఱును చూతురు. అతడు పట్టుబడిన పిమ్మట ఏమగును? గీత వెలుపల కూర్చుండును. ఎంతవఱకు? తనవారిలో నొకడు ఎదుటివానిని తాకియో, పట్టియో ఒక పాయింటు తెచ్చువఱకు. బోనసు పాయింటు వచ్చినను అతడు లేచుటకు వీలులేదు. కావున ఎంతటి కూతగాడైనను తన జట్టులో పట్టుగాండ్రు లేనిచో నిమిషములకొలది గడ్డిపై గూర్చుండి తన జట్టు ఓడుట చూచుచుండవలసినదే. అతనిని మరల బ్రదికించువాడు పట్టుగాడు. ఈ సంగతి ఆటలో నున్న బాలుర కందఱకు తెలియును. కోరుకొను వేళకు మాత్రము మఱచిపోవుదురు.

మనవారి జట్టు కథయే దీనికి సాక్ష్యము. ప్రొ కబడ్డీ లీగు 2014 సంవత్సరమున మొదలైనది. అందు మన తెలుగు టైటన్సు మొదటినుండియు నున్నది. 2019లో ఆ జట్టు సిద్ధార్థ దేశాయి యను కూతగానిని 1 కోటి 45 లక్షల రూపాయలకు గొనెను. ఆ వేలములో నంతకంటె నెక్కువ పలికినవాడు లేడు. ఆ యేడు పండ్రెండు జట్లలో టైటన్సు పదునొకండవది. 2021-22 పోటీలో అతడు ఆరంభముననే గాయపడెను. 22 ఆటలలో జట్టు గెలిచిన దొక్కటి. 2022లో గెలిచినవి రెండు. దీనితో నైనను బుద్ధి వచ్చెనా? 2023 వేలములో నొక్కొక్క జట్టు వెచ్చింపదగిన మొత్తము 5 కోట్లు. అందు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పవన్ సెహ్రావత్ అను నొక్కని కిచ్చివేసిరి. ఏడుగురు నిలువవలసిన బరికి తెచ్చిన సొమ్ములో సగముకంటె నెక్కువ ఒక్కని పాలయ్యెను. పవన్ సామాన్యుడు కాడు. ఆ సంవత్సరముననే హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో భారతజట్టునకు నాయకుడై స్వర్ణపతకము తెచ్చినవాడు. ఐనను టైటన్సు 22 ఆటలలో రెండు గెలిచి, ఒకటి సమము చేసికొని, పందొమ్మిది యోడి, అట్టడుగున నిలిచెను. ఆ జట్టున కెక్కువ పాయింట్లు తెచ్చినవాడు పవనే. అతనిని నిందించుట అన్యాయము. అతడు పట్టుబడినపుడు లేపువారు లేకపోయిరి.

అదే వేలములో పుణేరి పల్టన్ జట్టు, ఇరాను దేశీయుడైన మొహమ్మద్‌రెజా షాద్లుయికి 2 కోట్ల 35 లక్షలిచ్చెను. అతడు కూతకును బోగలడు గాని, ఎడమమూల నిలిచి పట్టుటయే అతని ప్రసిద్ధి. ఆ యేటి విజేత పుణేరి పల్టన్. మఱుసటి యేడతనిని హర్యానా స్టీలర్సు గొనెను. 2024 విజేత హర్యానా.

ఇంకను వినుడు. 2022లో ఇదే పవన్‌ను తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు గొనెను. మొదటి యాటలోనే అతని మోకాలు దెబ్బతినెను. ఆ యేడు మరల ఆడలేదు. తలైవాస్ పని సరి యని యెల్లరును అనుకొనిరి. అట్లు కాలేదు. అంతకుముందెన్నడును తొలి దశను దాటని ఆ జట్టు, ఆ యేడే సెమీఫైనలు చేరెను. నరేందర్ అను పేరెఱుగని కుఱ్ఱవాడు కూతకు బోయి పాయింట్లు తెచ్చెను. పట్టుగాండ్రు గట్టిగా నిలిచిరి. పట్నా పైరేట్సు కథయు నిట్టిదే. మూడు పర్యాయములు వరుసగా గెలిపించిన ప్రదీప్ నర్వాల్ అను కూతగాడు 2021లో 1 కోటి 65 లక్షలకు ఉత్తరప్రదేశపు జట్టునకు బోయెను. అతడు లేని పట్నా ఆ యేడు ఫైనలుదాక వచ్చి, ఢిల్లీ చేతిలో 36-37గా, ఒక్క పాయింటుతో ఓడెను. అందు ముఖ్యబలము పట్టుగాండ్రదే.

ఈ వాదమున కెదురు చెప్పదగిన సాక్ష్యము లేకపోలేదు. దాచుట నా కిష్టము లేదు. 2019 జనవరిలో జరిగిన ఫైనలున ఇదే పవన్ ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి బెంగళూరు బుల్సుకు కప్పు గెలిచిపెట్టెను. ఆ దినమున చూచినవారికి నా మాటలు వెఱ్ఱిమాటలుగా దోచును. మఱియు, షాద్లుయి మంత్రదండము కాడు: 2025లో గుజరాతు జట్టు అతనికి 2 కోట్ల 23 లక్షలిచ్చి కొన్నను మొదటి యెనిమిది జట్లలోనికి రాలేకపోయెను. కాబట్టి పట్టుగాని నొక్కనిని గొన్నచాలు గెలుతుమని నేను చెప్పుట లేదు. బెంగళూరువారు పవన్‌ను సొమ్మంతయు గుమ్మరించి తెచ్చుకొనలేదనుట మాత్రము గమనింపవలెను. గొప్ప కూతగాండ్రలో ననేకులు ధర తక్కువగా నున్నపుడే దొరికిరి. ధర కొండెక్కునప్పటికి మోకాళ్లు అరుగుట మొదలగును. పవన్ విలువ 2025 వేలములో 59 లక్షల 50 వేలకు దిగెను. ఆ యేడు టైటన్సు అతడు లేకయే, విజయ్ మలిక్ నాయకత్వమున, తుదిపోరున కొక్క మెట్టు దూరము వఱకు పోయెను.

సముద్రముల కావల అమెరికాలోను నిట్టి తగవే కలదు. వారు ఫుట్‌బాలని పిలుచు ఆట మన ఫుట్‌బాలు కాదు. బంతిని చంకనిఱికించుకొని పరుగెత్తుదురు. అట్లు పరుగెత్తువాడు మన కూతగానివంటివాడు. అతనికి ముందు నిలిచి ఎదుటివారిని త్రోయు స్థూలకాయులు మన పట్టుగాండ్రవంటివారు. అచ్చట వేలము లేదు. కిందటి యేడు కడపట నున్న జట్టు ముందుగను, గెలిచిన జట్టు కడపటను, కళాశాల బాలురను వంతులవారీగా పిలుచుకొనును. అచ్చముగా మన చింతచెట్టు క్రింద జరుగునదే. 1999లో న్యూ ఆర్లియన్సు జట్టు గురువు మైక్ డిట్కా, రికీ విలియమ్స్ అను పరుగుగాని నొక్కనికై ఆ యేటి తన పిలుపులన్నిటిని, మఱుసటి యేటి పిలుపులు రెంటిని ఇతర జట్టున కిచ్చివేసెను. పదునాఱు ఆటలలో గెలిచినవి మూడు. గురువుగారి యుద్యోగము పోయెను. 2018లో న్యూయార్కు జయింట్సు రెండవ పిలుపుననే సాక్వాన్ బార్క్లీని కోరుకొనెను. ఆ యేడు ఐదు గెలిచి పదునొకండు ఓడెను. ఆ బార్క్లీయే 2024లో ఫిలడెల్ఫియా జట్టున చేరి, ముందు త్రోయువారు బలవంతులగుటచే 2005 గజములు పరుగెత్తెను. 2025 ఫిబ్రవరిలో ఆ జట్టు విజేత యయ్యెను. మనుష్యుడు మాఱలేదు, ముందు నిలిచినవారు మాఱిరి. 2024 ఎంపికలో మొదటి వరుసను ఒక్క పరుగుగాడైన పిలువబడలేదు. 2025లో నొకడు ఆఱవ పిలుపున వచ్చెను. అక్కడివారికిని తగవు తెగలేదన్నమాట.

లీగుల మాట యటుంచి మన మైదానమునకు వత్తము. కొన్నియేండ్ల క్రిందట ఒక బాలుర జట్టు బాధ్యత నాపై బడెను. అడవిలోని గూడెమునుండి వచ్చి హాస్టలులో నుండిన కోయబాలు డొకడు లేడిపిల్లవలె కూతకు బోవుచుండెను. మొదటిపిలుపు అతనికే. ఆ పిమ్మట నాకు వేఱొక యాలోచన లేదు. రెండు కూతలలో నొకటి అతనిదే. మూడవ యాటలో మోకాలు మెలిపడెను. "ఏం కాలేదు సార్, మళ్లీ పోతా" అని లేచి నిలువబోయెను. నేను పంపితిని. ఆ తప్పు నాది. ఇప్పటికిని తలంపునకు వచ్చుచుండును. రెండవమాఱు పడినపుడు ఇద్దరు మోసికొని రావలసివచ్చెను. తక్కిన యార్గురకు కూతయు రాలేదు, పట్టును రాలేదు, రానిచ్చినవాడను నేనైనగదా! ఆట పోయెను. అంతకంటె గొప్ప నష్టము వేఱుగా నున్నది. జిల్లా ఎంపికకై చూడవచ్చినవారికి మా జట్టులో నింకొక బాలుడు కనబడలేదు. ఆ యేడు మాలో నెవ్వడును ఎంపిక కాలేదు. అతడు కుంటుచు వరికోతల సెలవులకు ఇంటికి బోయెను.

కూతగాడు తనంతట తాను వెల్లడియగును. ఆఱవ తరగతిలోనే వానిని ఊరెల్ల నెఱుగును. నాలుగవ పిలుపున నైనను వేగముగల బాలుడొకడు దొరకకపోడు. మన గూడెములలో వేగమునకు కఱవు లేదు. మూల నిలుచు పట్టుగాడట్లు కాడు. కూతగాని కాలు గీతను దాటకముందే వంగి చీలమండ పట్టుట, ప్రక్కవాడు నడుము పట్టువఱకు విడువకుండుట, తొందరపడి ముందునకు దూకకుండుట, ఇవి ఇరువురు మువ్వురు కలిసి రెండేండ్లు నేర్చిన గాని రావు. అట్టివాడు తరగతి కొకడుండిన నుండును. అరుదైనదానిని ముందు కోరుకొనుట అంగడికి బోవు తల్లులందఱును చేయు పనియే.

ఆటయందము కూతగానిదే గదా, వాని కొఱకే పిల్లలు వత్తురు గదా యని మా ఉపాధ్యాయమిత్రు డొకరనిరి. నిజమే. వానిని ఆడనీయవద్దని నే ననలేదు. రెండవ, మూడవ పిలుపున వచ్చినంత మాత్రమున వాని కూత చప్పబడదు.

మన తాతలు ఈ చిక్కును వేఱొక విధముగ దీర్చిరి. వారి కాలమున నాయకులు పేరుపెట్టి పిలుచుటయే లేదు. సమబలులైన యిద్దరు ఉద్దులుగా జతగూడి, దూరముగ బోయి, ఒకడు చింతకాయ యొకడు మామిడికాయ యని గుట్టుగా పేర్లు పెట్టుకొని వచ్చి నాయకుల నడుగుదురు. ఏది కోరినను సమానుడే వచ్చును. కూతగానికి కూతగాడు, పట్టుగానికి పట్టుగాడు ఉద్ది. నేటి హౌసుల పద్ధతిలో అది యెల్ల ఆటలకును పొసగదు గాని, చెడుగుడున కొక యేడు చేసి చూచుటకు అభ్యంతర మేమో డ్రిల్లు మాష్టరుగారు సెలవీయవలెను.

అది కుదరనిచో, ఈ యేడు బొమ్మ పడిన నాయకుడు వెనుకవరుసను ఒకమాఱు చూడగోరెదను. అచ్చట చేతులు కట్టుకొని నిలుచు బాలురారా, చెట్టునీడలో నిలువక కొంచెము వెలుతురునకు రండు.