ఒక బండి... ఒకే వంట!

బ్యాంకాక్‌లోని ప్రతూనామ్‌ ప్రాంతం. రాత్రి ఎనిమిదయ్యింది. హైదరాబాద్‌ నుంచి వచ్చిన యాత్రికుల బస్సు ఓ ఇండియన్‌ రెస్టారెంట్‌ ముందు ఆగింది. పొద్దుట్నుంచీ తిరిగి తిరిగి అలసిపోయిన జనం బిలబిలమంటూ దిగి, బఫే ముందు బారులు తీరారు. జీరా రైస్‌, పనీర్‌ బటర్‌ మసాలా, పప్పు, గులాబ్‌జామ్‌... అన్నీ ఉన్నాయి. అమీర్‌పేటలో పెళ్లి విందుకీ దీనికీ తేడా ఏమైనా ఉందా అంటే... విమానం ఛార్జీ, అంతే!

అదే రెస్టారెంట్‌ గుమ్మం ముందు, ఫుట్‌పాత్‌ మీద, ఓ నడివయసావిడ పొడవాటి మట్టి రోట్లో పచ్చిబొప్పాయి కోరు వేసి దంచుతోంది. రెండు పచ్చిమిరపకాయలు, ఓ వెల్లుల్లి రెబ్బ, తాటిబెల్లం ముక్క, నిమ్మరసం, గుప్పెడు వేరుసెనగపప్పు. టక్‌ టక్‌ టక్‌... ఆ చప్పుడు వింటే ఏ గోదావరి జిల్లా పెరట్లోనో రోటిపచ్చడి నూరుతున్నారేమో అనిపిస్తుంది. బస్సు దిగినవాళ్లలో ఒక్కరూ అటు తిరిగి చూడలేదు.

థాయ్‌ రుచుల రాజధానికి వెళ్లి థాయ్‌ వంట తినకుండానే తిరిగొచ్చేవాళ్లు మనలో తక్కువేం కాదు. హైదరాబాద్‌ నుంచి విమానంలో మూడున్నర గంటల ప్రయాణం. మూడు రాత్రులు, నాలుగు పగళ్ల ప్యాకేజీ. ‘ఇండియన్‌ ఫుడ్‌ ఉంటుంది’ అన్న హామీ కరపత్రంలోనే ఉంటుంది. పాములూ పురుగులూ పెడతారన్న భయం ఎటూ ఉండనే ఉంది. నిజానికి ఖావ్‌సాన్‌ రోడ్డులో కనిపించే వేయించిన తేళ్ల బండ్లు ఎక్కువగా విదేశీయుల కెమెరాల కోసం. ఈశాన్య జిల్లాలవాళ్లు కొన్ని పురుగుల్ని ఇష్టంగా తినే మాట వాస్తవమే కానీ, బ్యాంకాక్‌ నగరం రోజూ తినేది అది కాదు. మరేం తింటుంది?

మన దినుసులే... వేరే వంట

అన్నం. అవును, అన్నమే. థాయ్‌లాండ్‌లో ఒకరినొకరు పలకరించుకునే మాట ‘కిన్‌ ఖావ్‌ రు యాంగ్‌’. అంటే ‘అన్నం తిన్నారా?’ అని! మన ‘భోంచేశారా’కి అచ్చంగా కవల. ఆహారాన్ని వాళ్లు ‘ఆహాన్‌’ అంటారు. సంస్కృతం, పాళీల నుంచి వెళ్లిన మాటే.

మాటే కాదు, దినుసులూ తెలిసినవే. ప్రపంచమంతా లొట్టలేసుకుంటూ తినే ‘పాడ్‌ థాయ్‌’ నూడుల్స్‌కి ఆ పులుపు చింతపండుది, తీపి తాటిబెల్లానిది. ఎర్ర, ఆకుపచ్చ కూరల్లో చిక్కదనం కొబ్బరిపాలది. నిమ్మగడ్డి, మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే దుంపరాష్ట్రం వాళ్ల వంటింట్లో రోజూ ఉండాల్సినవి. ఇంకో విచిత్రం... మనం కోటలో పెట్టి పూజించే తులసిని వాళ్లు పచ్చిమిర్చి, వెల్లుల్లితో కలిపి వేయిస్తారు. దాన్ని అన్నం మీద వేసి, పైన ఓ వేపుడు గుడ్డు పెట్టి ఇచ్చేదే ‘ఫట్‌ కప్రావ్‌’. ఆఫీసుకు ఆలస్యమైనా, ఏం తినాలో తోచకపోయినా బ్యాంకాక్‌ వాసి చెప్పే ఆర్డరు అది.

మనకు అలవాటు లేనిదల్లా ‘నామ్‌ ప్లా’. చిన్నచేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం. మనకు ఉప్పెంతో వాళ్లకు అదంత. వాసన ముక్కుకు కాస్త ఘాటుగా తగులుతుంది. వంటలో పడ్డాక మాత్రం ఎక్కడుందో కనిపెట్టలేం.

ఎక్కడ తినాలి?

బ్యాంకాక్‌లో తిండికి ఒక పద్ధతుంది. ఫుట్‌పాత్‌ బండైనా, ఇరుకు దుకాణమైనా చాలావరకు ఒక్కటే వంట చేస్తారు. కోడి ఉడికించి అన్నంతో పెట్టేవాడు ముప్ఫయ్యేళ్లుగా అదే పెడుతుంటాడు. నూడుల్స్‌ బండివాడు మరోటి ముట్టుకోడు. ఒకే పనిని వేలసార్లు చేసిన చెయ్యి కాబట్టే ఆ రుచి. యాభై పేజీల మెనూ కార్డున్న చోట అది దొరకదు. కాబట్టి ‘ఏ హోటల్‌ మంచిది’ అని కాదు, ‘ఏ వంట ఎక్కడ మంచిది’ అని అడగాలి.

పాడ్‌ థాయ్‌ అయితే పాత నగరంలోని మహాచాయ్‌ రోడ్డు. ‘సామ్‌ యోత్‌’ మెట్రో స్టేషన్‌ నుంచి నడిచిపోయేంత దూరం. 1966 నుంచి పేరు మోసిన ‘తిప్‌సమయ్‌’ అక్కడే ఉంది. నూడుల్స్‌ని పల్చటి ఆమ్లెట్‌లో పొట్లం కట్టి ఇవ్వడం దీని ప్రత్యేకత. అన్నట్టు, ఈ వంటకం వెనక రాజకీయముంది. 1939లో సయామ్‌ పేరును థాయ్‌లాండ్‌గా మార్చిన ప్రధాని ఫిబున్‌ సోంగ్‌ఖ్రామ్‌, ‘మన’ నూడుల్స్‌ తినడం దేశభక్తి అన్నట్టుగా ప్రచారం చేశారు. అలా ఊపందుకుంది పాడ్‌ థాయ్‌.

తిప్‌సమయ్‌కి కాస్త దూరంలోనే, అదే రోడ్డు మీద జే ఫాయ్‌ దుకాణం. స్కీయింగ్‌ ఆటగాళ్లు పెట్టుకునే కళ్లజోడు ధరించి, బొగ్గుల కుంపటి ముందు నిలబడి పీతల ఆమ్లెట్‌ వేసే ఈ పెద్దావిడ ఫొటో చూడనివాళ్లు తక్కువ. 2017 డిసెంబరులో బ్యాంకాక్‌కు తొలి మిషెలిన్‌ గైడ్‌ వచ్చినప్పుడు ఆ వీధి దుకాణానికీ ఒక స్టార్‌ దక్కింది. ఆ తర్వాత గంటల కొద్దీ క్యూలు, ఆమ్లెట్‌ ధర వెయ్యి బాత్‌లు దాటడం... అదంతా వేరే కథ.

పడవ నూడుల్స్‌ రుచి చూడాలంటే విక్టరీ మాన్యుమెంట్‌ దగ్గరి కాలువ గట్టుకు వెళ్లాలి. ఒకప్పుడు కాలువల్లో పడవ మీదే వండి అమ్మేవారు. ఊగే పడవలోంచి అందించేటప్పుడు ఒలికిపోకూడదని గిన్నె చిన్నది చేశారంటారు. పడవలు పోయినా గిన్నె పెరగలేదు. నాలుగైదు గిన్నెలు లాగిస్తే గానీ కడుపు నిండదు. పులుసులో పంది లేదా ఆవు రక్తం కలిపే అలవాటుంది కాబట్టి పట్టింపులున్నవాళ్లు ముందే అడగడం మంచిది.

చేపలు, రొయ్యలు అంటే ప్రాణమా? చీకటి పడ్డాక చైనాటౌన్‌లోని యావరాత్‌ రోడ్డుకు పదండి. ఓ సందు మొదట్లో ఎదురెదురుగా రెండు దుకాణాలు. ఒకదానిలో పనివాళ్లకు ఎర్ర చొక్కాలు, రెండోదానిలో ఆకుపచ్చ చొక్కాలు. ఏది గొప్పన్న వాదన ఎప్పటికీ తెగదు. 2019లో ‘వాట్‌ మంగ్‌కోన్‌’ మెట్రో స్టేషన్‌ వచ్చాక ఇక్కడికి చేరుకోవడం తేలికైంది.

రోటి దగ్గర దంచే ఆవిడ చేస్తున్నది ‘సోమ్‌ తమ్‌’. ‘సోమ్‌’ అంటే పులుపు, ‘తమ్‌’ అంటే దంచడం. ఈశాన్యాన ఉన్న ఈసాన్‌ ప్రాంతపు వంట ఇది. పొట్ట చేతపట్టుకుని రాజధానికి వచ్చిన కూలీలూ టాక్సీ డ్రైవర్లూ తమతో తెచ్చుకున్నారు. పక్కన జిగురన్నం, నిప్పులమీద కాల్చిన కోడి. ఆ అన్నాన్ని చేత్తోనే ముద్దచేసుకుని తినాలి. మిగతా చోట్ల మాత్రం చెంచాతో తింటారు. ఫోర్కు చెంచాలోకి తోయడానికే. పుల్లలు నూడుల్స్‌కి తప్ప వాడరు.

ఫుట్‌పాత్‌ అంటే వెనకాడేవాళ్లకు రెండు మెట్లున్నాయి. ఒకటి, మాల్స్‌లోని ఫుడ్‌కోర్టులు. అసోక్‌ దగ్గరి టెర్మినల్‌ 21లో ఉన్న ‘పియర్‌ 21’లో కార్డులో డబ్బు వేయించుకుని, బొమ్మలు చూసి వేలితో చూపిస్తే చాలు. రెండోది, కాంఫేంగ్‌ ఫెట్‌ మెట్రో స్టేషన్‌ పక్కనే ఉండే ‘ఓర్‌ తోర్‌ కోర్‌’ మార్కెట్‌. శుభ్రతకు పెట్టింది పేరు. పళ్ల అంగళ్ల వెనక వరసగా వండిన కూరల పళ్లేలు. ఏప్రిల్‌, మే నెలల్లో వెళ్తే కొబ్బరిపాల జిగురన్నంతో మామిడిపండు ముక్కలు వదలకండి. ఇక ఇంటివంట కావాలనుకుంటే డెమోక్రసీ మాన్యుమెంట్‌ దగ్గరి దిన్సో రోడ్డులోని ‘క్రువా అప్సోన్‌’ ఉంది.

శాకాహారులకో పసుపు జెండా

‘మేం శాకాహారులం’ అంటే అక్కడ చాలామందికి అర్థమయ్యేది ‘మాంసం వద్దు’ అనే. చేపల రసం మామూలుగానే పడిపోతుంది. అందుకే గుర్తుపెట్టుకోవాల్సిన మాట ‘జే’. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు కనిపిస్తే అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం! ఏటా సెప్టెంబరు-అక్టోబరుల్లో తొమ్మిది రోజుల ‘జే’ పండగ వస్తుంది. చాలాసార్లు మన దసరా నవరాత్రుల రోజుల్లోనే. అప్పుడు యావరాత్‌ అంతా పసుపు జెండాలే. గుడ్డు, పాలు ఫర్వాలేదనుకునేవాళ్లు ‘మాంగ్‌సావిరాట్‌’ అనాలి. కాస్త నెమ్మదిగా పలికి చూడండి... ‘మాంస విరతి’!

కారం సంగతీ అంతే. గుంటూరు వాళ్లం, మాకో లెక్కా అనుకుంటే పొరపాటే. వాళ్ల సన్న మిరపకాయ ఎవరినీ వదలదు. ‘ఫెట్‌ నోయ్‌’ అంటే కారం కొంచెం. మొదటిరోజు అలా అనడంలో నామోషీ లేదు. చాలా ప్రాంతాల్లో సోమవారం రోడ్లు శుభ్రం చేసే రోజు కాబట్టి బండ్లు తక్కువగా ఉంటాయి. ప్రయాణం రోజులు చూసుకునేటప్పుడు ఇదీ లెక్కలో వేసుకోవాలి.

ఫుట్‌పాత్‌ ఎవరిది?

అయితే ఈ బండ్లు ఎన్నాళ్లుంటాయన్నదే ప్రశ్న.

2014 మే నెలలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక, ఫుట్‌పాత్‌లను పాదచారులకు తిరిగి ఇస్తామంటూ నగర పాలకులు బండ్లను ఎత్తించడం మొదలుపెట్టారు. 2016లో పాక్‌ ఖ్లోంగ్‌ పూలబజారు ఫుట్‌పాత్‌ ఖాళీ అయ్యింది. రాత్రిపూట తిండికి పేరున్న సుఖుమ్విత్‌ 38వ సందులో స్థలం అపార్ట్‌మెంట్ల కోసం అమ్ముడుపోయింది. 2017 ఏప్రిల్‌లో వీధి బండ్లన్నీ తీసేస్తామన్న ప్రకటన రావడంతో ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. దాంతో యావరాత్‌, ఖావ్‌సాన్‌లను మాత్రం వదిలేస్తామని సర్దిచెప్పారు. టూరిస్టులు తిరిగేచోట్లు మిగిలాయన్నమాట. ఆ ఊరివాళ్లు తినేచోట్ల సంగతి?

వాళ్లకు అది సరదా కాదు. నగరంలో అద్దె గదులు చాలావాటికి వంటిల్లు ఉండదు. మిషన్‌ కుట్టే అమ్మాయి, సెక్యూరిటీ గార్డు, చిన్న ఉద్యోగి... పొద్దున్నే బండి దగ్గర తిని, సాయంత్రం ‘ఖావ్‌ కేంగ్‌’ అంగట్లో కూర కొనుక్కుని, రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్‌ సంచిని వేలికి తగిలించుకుని గదికి చేరతారు. అచ్చం మన కర్రీపాయింట్‌! అలా కూర కొని ఇల్లు నడిపే ఆడవాళ్లకు ‘ప్లాస్టిక్‌ సంచి గృహిణి’ అనే పేరే ఉంది. యాభై అరవై బాత్‌లకు దొరికే ఆ భోజనం పోతే వాళ్లు వెళ్లేది మాల్‌కి కాదు, పస్తుకో ప్యాకెట్‌ నూడుల్స్‌కో.

రెండోవైపు వాదనా ఉంది. చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లకూ, బిడ్డనెత్తుకున్న తల్లికీ ఫుట్‌పాత్‌ కావాలి. వాడిన నూనె కాలువలో పోస్తే కాలువ పూడిపోతుంది. 1970ల్లో సింగపూర్‌ తన వీధి వంటవాళ్లను ఒక కప్పు కిందికి చేర్చింది. 2020లో ఆ హాకర్‌ సంస్కృతికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. 2022లో బ్యాంకాక్‌ గవర్నరుగా ఎన్నికైన చడ్‌చార్ట్‌ సిట్టిపన్‌ హయాంలో ఇక్కడా అలాంటి కేంద్రాల వైపు అడుగులు పడ్డాయి. నీళ్లు, నీడ ఉంటాయి, మంచిదే. కానీ అద్దె కట్టలేని ముసలావిడ, ఒక్క రోలే ఆస్తిగా ఉన్న ఈసాన్‌ ఇల్లాలు ఆ కప్పు కిందికి చేరగలరా? చేరినా, ఆ సందులో ఇరవయ్యేళ్లుగా తింటున్నవాళ్లు అంతదూరం రాగలరా?

ఒకపక్క థాయ్‌ వంటకు కిరీటాలు పెరుగుతున్నాయి. 2024 నవంబరులో బ్యాంకాక్‌లోని ‘సోర్న్‌’ మూడు మిషెలిన్‌ స్టార్లు అందుకుంది. థాయ్‌ వంటకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. మరుసటి నెలలోనే ‘టామ్‌ యమ్‌ కుంగ్‌’ రొయ్యల పులుసు యునెస్కో జాబితాకెక్కింది. మరోపక్క ఆ పులుసును రోజూ కాచి పోసే బండి చక్రాలు ఎప్పుడు కదలాల్సి వస్తుందో తెలియకుండా నిలబడి ఉన్నాయి.

ప్రతూనామ్‌లో బస్సు మళ్లీ కదిలే వేళయ్యింది. గులాబ్‌జామ్‌ ముగించి బయటికొచ్చిన ఓ కుర్రాడు మాత్రం రోటి చప్పుడు దగ్గర ఆగాడు. ‘ఫెట్‌ నోయ్‌’ అన్నాడు, ఫోన్‌లో చూసి. ఆవిడ నవ్వి, మిరపకాయ ఒకటి తగ్గించి, చిన్న ముద్ద తీసి రుచి చూడమని చెంచా అందించింది. ఎవరి నాలుకకు తగ్గట్టు వాళ్లకు సరిచేసి పెట్టడం ఆవిడకు అలవాటు. బఫేలో ఆ మాట అడిగేవారు లేరు.